కోసేసిన సగం

యాచారం నుంచి పొద్దున బస్సుకు వచ్చిన త్రివేణి, ఇబ్రహీంపట్నంలో తమ్ముడి గది గడప దాటలేదు. లోపల గోడల నిండా మేకులు కొట్టి బొంతలు వేలాడదీశాడు. మూసిన కిటికీల వెనక మాగిన చెమట వాసనకు ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“గవి అమ్మ బొంతలు కావురా సతీశ్?”

“అవ్ అక్కా. గోడలకు కొడ్తె గొంతు గూంజి మల్ల ఇనబడదు. పాడ్‌కాస్ట్‌కు గట్లనే ఉండాలె. జర మైకుకు తాకకుండ కూసో.”

“కూసోను. మరి అమ్మ ఏం కప్పుకుంటది?”

“షాల్ ఉంది గదా.”

“ఏది అమ్మ?”

“పక్కింట్ల, తాజున్నీసా అత్త కాడ.”

“ఎందుకు?”

“ఊకె దగ్గుతది. రికార్డింగ్‌ల పడ్తది.”

“దగ్గు పడ్తదని అమ్మను ఎల్లగొట్టినవా?”

“ఎల్లగొట్టుడేంది? గంట సేపు... రెండు గంటలు.”

“దవాఖానకు?”

“తోల్కపోత. ఈ ఎపిసోడ్ అయినంక.”

“దేని మీద?”

“ఏంది?”

“ఎపిసోడ్. దేని మీద?”

“ఇంట్లోల్ల మాట... మనసు పెట్టి ఇనుడు.”

“థూ!”

“గట్ల మొకం పెట్టకక్కా.”

“రోతగుందిరా. మైకు ముందటనే తేనె. గా గొంతు ఇంట్ల ఒక్కనాడన్న ఇన్నమా?”

“హయత్‌నగర్‌ల రూములల్ల ఉండే పోరగాండ్లు ఎంతమంది ఇంటరో ఎర్కేనా? పోయిన నెల ఒక పిల్ల రాసింది. చావాలని బాయి దాక పోయి, నా మాటలు యాదికొచ్చి వాపస్ వచ్చిందట. గది అబద్ధమా?”

“కాదు. ఆ ఎపిసోడ్ నేను గూడ ఇన్న.”

“నువ్వు ఇంటవా? ఎన్నడు చెప్పలె!”

“ఎన్నడు అడగలె నువ్వు. చెవుల ఉన్నంతసేపు ఎవలో పక్కన కూసున్నట్టే ఉంటది. ఇయర్‌ఫోన్లు తీసినంక ఇల్లు ఇంకింత బోసిపోతది.”

“మంచిగ చెప్పినవ్. గీ మాట ఎపిసోడ్‌ల పెట్టనా?”

“ఆ పిల్లకు జవాబిచ్చినవా?”

“చదివిన గదా! పేరు చెప్పకుండ. మస్తుమంది ఏడ్సిన్రు.”

“ఏడ్సుడు గాదు, జవాబు.”

“రోజుకు నూరు వస్తయి. ఎవ్వలికని ఇయ్యాలె?”

“మొత్తం చదివినవా?”

“బాయి కాడికెల్లి వాపస్ వచ్చిన దాక చదివిన. అటెన్క శాన పొడుగుంది. కోసేసిన.”

“కోసిన దాంట్ల ఏముంది?”

“ఏమో. సూడలె. ఇగ ఊకో అక్కా, రికార్డింగ్ షురూ చేసేదుంది.”

“ఆ కోసిన దాంట్ల ఆఖరి మాట చెప్తా, ఇను. తర్వాత చేసుకో నీ రికార్డింగ్.”

“నీకెట్ల ఎరుక?”

“‘తమ్మీ, ఫోన్ చేస్తె నువ్వు ఎత్తుతలెవ్వు. వేరే పేరు పెట్టి రాస్తెనన్న చదువుతవని రాస్తున్న.’”