పాచి పట్టని హౌజు

ఇబ్రహీంపట్నం మండలంలో ఒక ఊరు. వాకిట్లో నీళ్ల హౌజు పక్కన సరోజన. ఫోన్‌లో మస్కట్ నుంచి పెనిమిటి సురేందర్.

"గా హౌజు నీళ్లు ముట్టకు అంటున్న గదనే!"

"నిన్నటిదాంక గా హౌజు ముచ్చటే పెట్టుమంటివి. పాచి పట్టిందా, పట్టలేదా అని. పట్టలేదయ్యా. అద్దం లెక్క ఉన్నది. ముఖం జూసుకొని బొట్టు పెట్టుకుంటున్న."

"తాగుతున్నవా?"

"ఏంది?"

"గా నీళ్లు తాగుతున్నవా అంటున్న."

"తాగుడు మినరల్ వాటర్. గల్ఫోని పెండ్లాం హౌజు నీళ్లు తాగితె నీ ఇజ్జత్ పోదా? హౌజుయి బాసండ్లు తోముడుకు, బర్రె తాగుడుకు."

"అబ్బ... సల్లటి మాట చెప్పినవ్. బర్రె మంచిగున్నదా?"

"రెండొద్దులాయె, గడ్డి ముడుతలేదు. నీకెట్ల ఎరుక?"

"ఎరుకేం లేదు, ఊకెనే అడిగిన. హౌజు ఎత్తిపొయ్యి."

"ఊకెనే అడుగుడు, ఊకెనే ఎత్తిపొయ్యుమనుడు! ఇయ్యాల డ్యూటీ లేదా?"

"లేదు."

"శుక్రారం గాదు గద."

"యార్డు బంద్ వెట్టిండ్రు."

"ఎందుకు?"

"ఎందుకంటె... చేపలు సచ్చినయ్."

"సూపర్‌వైజర్ నౌకరి అంటివి. చేపలకు, నీకు ఏం సంబంధం?"

"సూపర్‌వైజర్ గాదే."

"మరి?"

"గీకుడు."

"ఏం గీకుడు?"

"పడవలు. సముద్రంల పడవ నిలవడ్డదంటె అడుగుకు పాచి పడ్తది. పాచి మీద గుల్లలు, నత్తలు. సిమెంటు లెక్క కరుసుకుంటయ్. పడవ బరువెక్కి డీజిల్ మస్తు తాగుతది. గవన్ని గీకి, కడిగి, మళ్ల పట్టకుంట రంగేస్తం."

"గిన్నేండ్ల సంది వాడకట్టంత సూపర్‌వైజర్ పెండ్లామని కుర్చేసి కూసోబెడుతున్నరు. ఎవలి మీద సూపర్‌వైజర్‌వయ్యా? నత్తల మీదనా?"

"నవ్వుకో. నవ్వుకో గని ముందుగాల హౌజు..."

"నవ్వుతలేను. కార్గో డబ్బల పంపినవ్ సూడు, పైన చాక్లెట్లు, కింద హౌజుకేయుమని రంగు... గా రంగేనా?"

"గదే. పడవకు పట్టని పాచి హౌజుకేం పడ్తది అనుకున్న."

"మంచిగనే అనుకున్నవ్. గా రంగు పాచిని ఎట్ల ఆపుతది?"

"ఆపుతది."

"ఎట్ల?"

"సంపుతది. అండ్ల మందుంటది. మెల్లమెల్లగ నీళ్లల్ల కరుగుతది. పురుగు కూసున్నకాడ్నే సస్తది. మేం గీకిన పెచ్చులు, కడిగిన నీళ్లు అన్ని ఒడ్డు నీళ్లల్లకే ఇడిసినం. సేటు అట్లనే ఇడువుమన్నడు. మొన్న పొద్దుగాల చేపలన్ని తెల్లగ తేలినయ్. ఆఫీసర్లు మూతులకు మాస్కులు కట్టుకొని అచ్చిండ్రు, నీళ్లు సీసలల్ల పట్టుకపోయిండ్రు. రంగు డబ్బ మీద పుర్రె బొమ్మ చూయించి తిట్టిండ్రు."

"మన డబ్బ మీద బొమ్మ లేదు గద?"

"ఉండె."

"మరేడ వోయింది?"

"కార్గోల పట్టుకుంటరని గీకేసి పంపిన."

"గీకుడు మాత్రం మంచిగ నేర్సినవ్!"

"తప్పయింది."

"మనుషులు తాగితె?"

"నువ్వు తాగలేదంటివి గద."

"తాగితె ఏమైతది అంటున్న."

"నాకేం ఎరుక! నా చేతులకైతె పొక్కులు లేసినయ్."

"ఆగు, జర నేను చెప్పేది..."

"నువ్వాగు, ముందుగాల నా మాట ఇను. ఎవలకు చెప్పకు. హౌజు దానంతట అదే పలిగిందని చెప్పి పలగ్గొట్టు. బర్రె పోతె ఇంకోటి కొందం. నీ కాళ్లు మొక్కుత, ఊళ్లె నా పేరు బయటికి రావద్దు."

"నీ పేరా?"

"పేరే గదనే మనకున్నది. మన హౌజు, మన బర్రె. ఎవలకేం నష్టం? మిగిలిన రంగు బొంద తవ్వి పూడ్సిపెట్టు... సరోజ? ఇనవడుతుందా? మిగిలిన రంగు ఏడున్నది?"

"బడి టాంకు లోపట ఉన్నది. మన హౌజు సూసి సార్లు అడిగితె ఇచ్చిన, ఏసుకున్నరు. దాత సురేందర్ అని టాంకు మీద పెద్దగ రాసిండ్రు గూడ. పగటి బువ్వ గంట కొడుతున్నరయ్యా, పిల్లలు గా నల్లాలకాడికే పోతరు, ఫోన్ పెట్టు, నన్ను ఉరుకనియ్యి!"