దించుడు మిట్ట కాడి చింతచెట్టు

బుగ్గలయ్య దేవుని కొండకు పోయే అడవి తొవ్వల, దించుడు మిట్ట కింద ఒక చింతచెట్టుంటది, ఎరికేనా? కాయ కాసి రాలిపోతది గానీ ఒక్కరూ ఏరుకోరు. కోతి గూడ ఎక్కదంటరు. కోతి సంగతి నాకు తెల్వదు, నేను చూసింది చెప్త. దగ్గరికి జరుగుండ్రి, ఆ ఫోను పక్కకు పెట్టు బిడ్డా.

అప్పుడు గీ రోడ్లు యాడివి? తొవ్వంటే వాగులు, వాగుల్ల బండలు, బండల మీద జీపు, జీపుకు పట్టుకొని యాలాడుకుంట మనం. కొండ కింద దిగితే ఆడికెల్లి కాలినడక. మా ఊరి బాలస్వామే డ్రైవరు. ఆ ఏడు పెండ్లాం నిరంజనమ్మను, సంటిపిల్లను గూడ ఎక్కించుకున్నడు. ఎన్నేండ్లకో పుట్టిన పిల్ల, పుట్టెంటికలు బుగ్గలయ్యకే ఇస్తమని మొక్కిండ్రు. జీపు పైకమ్మికి చీరతోటి ఉయ్యాల కట్టి పిల్లను పండబెట్టిండ్రు. నేను ఆ పక్కన్నే కూసున్న. అబ్బ, ఏం సంబురం అనుకున్నరు! ఎగిరెగిరి పడుతుంటే నెత్తులు కొట్టుకుంటున్నయి, అయినా నవ్వుడే నవ్వుడు.

దించుడు మిట్ట కాడికొచ్చినం. ఆడ ఒక పద్ధతుండె. మిట్ట నిట్టనిలువుగుంటది, నిండు జీపు ఎక్కదు. అందరు దిగాలె, డ్రైవరు ఖాళీ జీపు ఎక్కించి పైన ఆగాలె, మనం నడిచిపోయి మళ్ల ఎక్కాలె. అందరం దిగినం. పిల్ల మంచి నిద్రల ఉన్నది, దానికెంత బరువుంటదని ఉయ్యాలల్నే ఉంచింది నిరంజనమ్మ.

బాలస్వామి గేరేసిండు. సగం మిట్ట ఎక్కి ఆగింది జీపు, మూలుగుతది గానీ కదలదు. కిందికెల్లి చూస్తే వెనక కమాన్లు, గదే చక్రాల కాడ బరువు మోసే ఇనుప పట్టీలు, నిండు జీపుకు వంగినట్టే వంగున్నయి. ఖాళీ జీపుకు కమాన్లెందుకు వంగుతయి, చెప్పుండ్రి? వాడు అద్దంల చూసిండంట, ఒక ముసలామె కూసోని ఉయ్యాల ఊపుతున్నది. బ్రేకు మీదికెల్లి కాలు తీస్తే పిల్లతోటి సహా జీపు లోయల పడుతది. పాపం, ఏం జేస్తడు? అందరితోటి మాట్లాడినట్టే మాట్లాడిండు.

“అవ్వా, ఈడ అందరు దిగాలె. నా పెండ్లాం గూడ దిగింది.”

“నన్ను గూడ గట్లనే దించిండ్రు నాయినా. పైన ఆగలే,” అన్నదంట.

అప్పుడు సమజైంది వానికి. ఎన్నడో ఎవడో జీపోడు ఆమెను దించి, ముసల్ది ఎప్పుడెక్కాలె అని ఆగకుండ పోయిండు. ఆమె నడవలేక ఆ చింతచెట్టు కింద కూసోని ఆడనే పానం ఇడిసింది.

“నేను ఆగుత అవ్వా. నా బిడ్డ మీద ఒట్టు,” అన్నడు.

అంతే, కమాన్లు టప్పున లేచినయి, జీపు ఒక్క ఊపుల పైకెక్కింది!

పైన అందరం ఎక్కినం. పొద్దు గూకుతున్నది, చీకటైతే కొండ ఎక్కనియ్యరు. పోనియ్యి పోనియ్యి అని ఒక్కటే లొల్లి చేసినం. పిల్ల మొక్కు తప్పుతదని నిరంజనమ్మ ఏడ్సింది. వాడు ఇంజను బందు చేసి కింది తొవ్వనే చూస్తడు. ఒట్టు తప్పితే పిల్ల దక్కదని వాని బుగులు, మాకేమెరుక? ఇగ చూడుండ్రి, మేమంతా కదలకుండ కూసున్నం, జీపు వెనక దిక్కు ఒక్కసారి కుంగింది. నా భుజానికి ఏదో సల్లగ తగిలింది. వాడు వెంటనే స్టార్టు చేసిండు. ఏం నడిపిండు, ఏం నడిపిండు! వాగులు దాటిచ్చి, బండలు దుంకిచ్చి, వెలుగుండంగనే కొండ కింద ఆపిండు. మేం ఇంకా దిగనే లేదు, కమాన్లు లేచినయి. ఆమె మాకంటె ముందు కొండెక్కింది.

సంగతంతా వాడు అప్పుడు చెప్పిండు. నిరంజనమ్మ దయ్యానికేం భయపడలే, బిడ్డ మీద ఒట్టేస్తవా అని మొగని ఈపు మీద గుద్దులే గుద్దులు.

ఆమె పోయింది గదా, ఇంకేం భయం అంటవా? దించి ఆగకుండ పోయిన జీపు అదొక్కటే అనుకున్నవా, పిచ్చోడా? ఆ చెట్టు కింద ఇంకెందరు కూసున్నరో. అటు పోకుండ్రి. పోయినా జీపు దిగకుండ్రి. దిగాల్సే వస్తే, దించేటోడు బాలస్వామి అయితేనే దిగుండ్రి. వాడు సచ్చి శానేండ్లాయె.