బోటు మూతి ఎటు

ఆత్మకూరు పక్కన సోమశిల జలాశయం. 1990ల చివర ఒక ఏడు, దసరా వెళ్ళిన వారం. మధ్యాహ్నం, తుపాను వాన. పూడిక కొలిచే సర్వే బోటులో ముగ్గురు ఉన్నారు: మిషన్ చూసే సురేంద్రబాబు, బోటు నడిపే కామయ్య, కామయ్య అక్క చెంచమ్మ. చెంచమ్మ సర్వే క్యాంపులో వంట చేస్తుంది.

"కూర్చో అక్కా. నువ్వు లేచి నిలబడితే నీళ్ల నడిమి మిట్ట దగ్గరికొస్తాదా?"

"ఇందాకటి దాకా కనపడతా ఉన్నింది గదరా కామయ్యా. తుమ్మచెట్టు, మేకలు, అన్నీ కనపడినాయి. ఇప్పుడేది?"

"వాన మూసేసింది. నా చెయ్యి నాకే కనపడ్డం లేదు. మిట్ట యాడికీ పోదులే."

"పోదు. మునిగిపోతాది. పొద్దున్నే మేకల దొడ్డి దాకా వచ్చినాయంట నీళ్లు. ఇప్పుడు యాడ దాకా వచ్చినాయో."

"చెంచమ్మా, కంగారు పడకు. బయల్దేరేటప్పుడు దుర్భిణిలో చూశాను. మిట్ట కొన పైకే ఉంది. నీ కొడుకూ, ఆ పెద్దాయనా ఇద్దరూ నిలబడి ఉన్నారు."

"సిద్ధయ్య మామ. ఆయనకి కండ్లు ఆనవు సారూ. రాఘవే ఆయన్నీ చూసుకోవాల, మేకల్నీ చూసుకోవాల. ఎంత దూరం ఉండాది?"

"మూడు వందల అరవై మీటర్లు. ఆ మిట్ట చోటు పోయిన నెల మిషన్‌లో గుర్తు పెట్టాం. ఇది ఆ గుర్తు దాకా దూరం చెబుతుంది. కామయ్యా, అట్లాగే పోనీ."

"పోనిస్తానే ఉండా సా... ఏంది ఇది!"

"ఏమైంది?"

"ఇంజన్ ఆగిపోయింది. ఫ్యాన్‌కి ఏదో చుట్టుకున్నట్టుండాది. కంపో, వలో."

"తియ్యరా. బిన్నా తియ్యి, ఆలస్యం చెయ్యబాక."

"తీస్తా ఉండా. సారూ, గట్టిగా పట్టుకోండి, బోటు గిర్రున తిరగతా ఉండాది. అక్కా, నువ్వు కిందికి కూర్చో."

"కూర్చున్నాలే. నన్నొదిలేసి పని చూడు."

"వచ్చింది. వలముక్క. ఎవడో పారేసి పోయినాడు."

"స్టార్ట్ చెయ్యి మరి."

"చేస్తా. చేసి ఎటు పోనియ్యాల సారూ? ఎన్ని సుట్లు తిరిగినామో నాకు తెలవదు. గాలి నాలుగు పక్కలా కొడతా ఉండాది. గట్టు కనపడదు, కొండ కనపడదు. ఎటు చూసినా ఒకటే తెలుపు."

"మిషన్ ఉంది గదా."

"మీ మిషన్ మనం యాడుండామో చెప్తాది, అంతే గదా. కావలిలో మా వాళ్ల బోట్లకీ ఉండాది అట్టాంటిది. బోటు నిలబడిపోతే మూతి ఎటుండాదో దానికి తెలవదంట. రవ్వంత కదిల్తేనే తెలుస్తాదంట."

"అది ఒక్క యాంటెన్నా ఉండేది. దాని మాట నిజమే. ఇది వేరు. పైన ఆ కమ్మీకి రెండు చివర్లా బోర్లించిన గిన్నెల్లాగా రెండున్నాయి చూడు..."

"సారూ, మీకు దండం పెడతా. పాఠం తరవాత చెప్పండి. దాన్ని నమ్మచ్చా? అదొక్కటి చెప్పండి నాకు."

"నమ్మచ్చు. ఎందుకు నమ్మచ్చో చెప్తున్నా. ఉపగ్రహం నుంచి వచ్చే అల ఆ రెండిటికీ ఒకేసారి తగలదు. ఒకదానికి ముందు, ఒకదానికి వెనక. ఆ తేడా కొలిచి కమ్మీ ఏ దిక్కుకి ఉందో చెబుతుంది. కమ్మీ బోటుకి బిగించి ఉంది. కాబట్టి దాని దిక్కే బోటు మూతి దిక్కు. నిలబడి ఉన్నా చెబుతుంది. దిక్సూచి లాగా కాదు, పక్కన ఎంత ఇనుమున్నా దీనికి లెక్క లేదు."

"తప్పు చెప్పదా?"

"చోటు తప్పు చెప్పచ్చు. వంద మీటర్లు అటూ ఇటూ. ఆ ఉపగ్రహాలు అమెరికా వాళ్లవి, కావాలనే లెక్క కొంచెం చెరిపి పంపుతారు. దిక్కు మాత్రం తప్పదు."

"అమెరికా వాళ్లకి మా మేకలు ఏం ద్రోహం చేసినాయి సారూ?"

"నోరు ముయ్యరా కామయ్యా. సారూ, ఏమంటా ఉండాది అది?"

"మూతి పడమటికి ఉందంటోంది. మిట్ట కూడా ఇక్కడికి పడమరే. ఎవరో తిప్పి పెట్టినట్టు సరిగ్గా నిలబడ్డాం. కామయ్యా, తిప్పే పని లేదు. నేరుగా పోనీ."

"పోతా ఉండాం."

"రాఘవా, వస్తా ఉండాం నాయనా. నిలబడి ఉండు."

"అక్కా, వాడికేం ఇనపడదు."

"వాడికి కాదులేరా. నాకు."

"చెంచమ్మా, వాడు పొద్దున్నే ఎందుకు రాలేదు? సిద్ధయ్యని పుట్టిలో ఎక్కించుకుని వచ్చేయచ్చు గదా, గాలి లేచేలోపల."

"పుట్టిలో మేకలు పట్టవు గదా సారూ. వాడు మేకల్ని వదిలి రాడు. పోయిన ఏడు ఉదయగిరి నుంచి పిల్ల తరపోళ్లు వచ్చినారు వాణ్ణి చూసేదానికి. మేక ఈనతా ఉండాదని కొండ దిగలేదు. వాళ్లు కాఫీ తాగి, గడియారం చూసుకుని, లేచిపోయినారు."

"ఆ పిల్ల మేలు చేసుకునింది. ఇప్పుడు ఆ యమ్మి కూడా ఈ బోటులో కూర్చుని ఏడస్తా ఉండేది."

"నేను ఏడస్తా ఉండానంట్రా?"

"లేదులే అక్కా. వానలే."

"సారూ, ఎంత ఉండాది?"

"నాలుగు వందలు."

"ఇందాక మూడు వందల అరవై అంటిరే?"

"ఇంజన్ ఆగినప్పుడు కొట్టుకుపోయి ఉంటాం. ఇప్పుడు తగ్గుతుంది."

"తగ్గిందా?"

"ఆగు, చెంచమ్మా."

"తగ్గిందా సారూ?"

"నాలుగు వందల యాభై."

"పెరగతా ఉండాది!"

"కామయ్యా, నేరుగానే పోతున్నావా?"

"నేరుగానే. మీరే గదా తిప్పబాక అనింది. నేను హ్యాండిల్ కదిలించలా."

"మూతి ఇప్పుడు కూడా పడమరే అంటోంది. మరి దూరం ఎందుకు పెరుగుతుంది?"

"నాకు తెలుసు సారూ. పొద్దున డ్యామ్ గేట్లు ఎత్తినారు. మనం ముందుకి పోతా ఉంటే నీళ్లు ఎనక్కి లాగతా ఉండాయి. ఇట్నే ఇంకాసేపు లాగితే గేట్లలో దూరి సంగం ఆనకట్ట కాడ తేలతాం, ముగ్గురం."

"అయితే ఫుల్లు పెట్టు."

"పెట్టినా."

"ఐదు వందల ఇరవై."

"ఇంకా పెట్టరా కామయ్యా!"

"ఇంక లేదక్కా. దీని తాహతు ఇంతే."

"ఐదు వందల తొంభై."

"ఆపు."

"ఏంది?"

"ఇంజన్ ఆపరా. నేను వాణ్ణి పిలస్తా."

"తిక్కా నీకు? ఇంజన్ తోస్తా ఉంటేనే ఇట్ట లాగతా ఉండాయి నీళ్లు. ఆపినామంటే గేట్ల మీదకే."

"వాడు అరస్తా ఉంటే ఈ మోతలో నాకెట్ట ఇనపడతాది? ఒక్క కేక. ఒక్కటే. ఆపు."

"సారూ, మీరు చెప్పండి ఆమెకి."

"ఆపు, కామయ్యా. ఒక్క నిమిషం."

"మీ ఇష్టం. పోతే ముగ్గురం పోతాం."

"రాఘవా! ఒరే రాఘవా! సిద్ధయ్య మామా!"

"ఏమన్నా ఇనపడిందా అక్కా?"

"వాన. ఇంకేం లేదు. రాఘవా!"

"ఎవరూ మాట్లాడకండి."

"ఏంది సారూ? మీకు ఇనపడిందా?"

"వినపడటం కాదు. అంకె చూడు. కదలటం లేదు. ఇంజన్ ఆపాం. నీళ్లు లాగేదే నిజమైతే ఇప్పుడు ఇంకా జోరుగా పెరగాలి. నిలబడిపోయింది."

"అంటే?"

"అంటే మనల్ని వెనక్కి తీసుకుపోయింది నీళ్లు కాదు. ఇంజనే."

"ఇంజన్ ఎనక్కి ఎట్ట పోతాది సారూ? దీనికి రివర్స్ కూడా లేదు."

"వెనక్కి పోలేదు. మూతి ఉన్న దిక్కుకే పోయింది. ఆ మూతి తూర్పుకి ఉంది. మిషన్ పడమర అంటోంది. కామయ్యా, కమ్మీ మధ్యలో పెట్టె మీద ఎర్ర బాణం ఉంటుంది. ఎటు చూపిస్తోంది?"

"ఇప్పుడు అదంతా ఎందుకు సారూ?"

"చూడు."

"ఇంజన్ పక్కకి."

"వెనక్కా?"

"ఎనక్కే."

"నేను బిగించినప్పుడు బాణం మూతి వైపు ఉంది. ఎవరు దించారు దాన్ని?"

"ఎవరు దించుతారు? గాలికి తిరిగుంటాది."

"నాలుగు బోల్టులు గాలికి తిరగవు."

"ఆయుధ పూజకి అన్నీ కడగమంటిరి గదా. ఇంజన్ కడిగినా. తాళ్లు కడిగినా. దాన్ని కూడా దించి..."

"దించి, మళ్ళీ ఎట్లా పెట్టావు?"

"వాణ్ణి అడగబాకండి సారూ. పెట్టించింది నేను. బొట్టు పెట్టిన వస్తువుని తూర్పు మొకంగా పెట్టాల గదా. బాణం ఉండే పక్క దాని మొకం అనుకున్నా. తూర్పుకి తిప్పి బిగించరా అని నేనే చెప్పినా."

"అప్పుడు బోటు ఎటు కట్టేసి ఉంది?"

"మూతి నీళ్ల పక్కకి. పడమటికి."

"పూజ తరవాత బోటు తీసింది ఇదే మొదలు. ఇందాక వచ్చింది కంటిచూపుతో గదా, మిషన్‌లో దిక్కు నేను చూడలేదు. సరే."

"సారూ, నేను..."

"చెంచమ్మా, కొబ్బరికాయ కొట్టింది నేను. బాణం నా ఎదురుగానే ఉంది. ఇప్పుడు ఆ మాటలు వద్దు. కామయ్యా, స్టార్ట్ చెయ్యి."

"బోల్టులు ఇప్పి తిప్పాల్నా?"

"అక్కర్లేదు. అది చెప్పేదానికి సరిగ్గా ఎదురు పోతే చాలు. మూతి తిప్పు. ఇంకా. మిషన్ తూర్పు అనే దాకా తిప్పు. ఇంకొంచెం. చాలు. ఇప్పుడు పోనీ."

"ఈసారి కూడా తప్పితే?"

"తప్పితే అంకె చెబుతుంది. ఐదు వందల డెబ్బై."

"తగ్గిందా అది?"

"తగ్గింది. ఐదు వందల ముప్పై."

"తిప్పబాకరా కామయ్యా. అట్నే పట్టుకో."

"పట్టుకునే ఉండా. నా చేతులు తిమ్మిరెక్కినాయి గానీ పట్టుకునే ఉండా. అక్కా."

"ఊఁ."

"వాడికి ఈ సంగతి చెప్పబాక. మేకలు కాసేదానికి పనికొస్తావు మామా, బోటుకి పనికిరావు అంటాడు. జన్మంతా అంటాడు."

"అననీ. వాణ్ణి బోటులో కూర్చోబెట్టినాక ఎంతైనా అననీ. సారూ?"

"మూడు వందల పది."

"మిట్ట కొన మునిగిందంటారా?"

"తెలియదు. అది దీనికి తెలియదు."

"అన్నం మూట కట్టుకొచ్చినా. తడిసిపోయినట్టుండాది."

"తడిస్తే ఏంలే, వాడు రాళ్లయినా తింటాడు."

"రెండు వందలు. కామయ్యా, జోరు తగ్గించు. చుట్టూ మునిగిన చెట్లుంటాయి."

"తగ్గించినా."

"వంద. ఇక దీని మాట పనికిరాదు. ఇక్కడి నుంచి చెవులే. ఇంజన్ ఆపు."

"ఆపినా."

"ఏమీ లేదు గదరా."

"ఉండక్కా. గంట. మేక మెడ గంట. ఇనపడిందా సారూ?"

"విన్నా. కుడి పక్క. తెడ్డు వెయ్యి."

"రాఘవా! ఒరే నాయనా!"

"ఎవరదీ? ఎవరూ?"

"సిద్ధయ్య మామా! నేను, కామయ్యని! అక్క కూడా వచ్చింది!"

"వస్తిరా అబ్బయా! పుట్టి గాలికి కొట్టుకునిపోయింది, మోకాళ్ల దాకా వచ్చినాయి నీళ్లు. మేకలు తుమ్మచెట్టు మొదట్లో కుప్పగా నిలబడినాయి. దేవుడు మిమ్మల్ని సల్లగా చూడాల."

"తాడు ఇసరతా ఉండా మామా! నీకు కండ్లు ఆనవు, రాఘవని పట్టుకోమను!"

"ఎవరినీ?"

"నా కొడుకు రాఘవని, మామా! ముందుకి రమ్మను వాణ్ణి!"

"అదేంది చెంచమ్మా అట్టంటావు? ఇందాక మీ బోటు చప్పుడు దగ్గరికొచ్చి మల్లా దూరంగా పోయింది గదా. మనం ఈడుండేది వాళ్లకి తెలవలా మామా, నేను పోయి పిలుచుకొస్తా అని నీళ్లలో దూకి ఆ చప్పుడు ఎనకే ఈదుకుంటా పోయినాడు. వాడు మీ బోటులో లేడా?"