ఏడు కుప్పల మేత

అధ్యక్షస్థానంలో ఉన్న మా ఫారెస్టు రేంజి ఆఫీసరు దేవిశ్రీ గారికి, ఇంతసేపూ నన్ను పొగిడి గొంతు పోగొట్టుకున్న మిత్రులకి, లంకల నుంచి నావలెక్కి వచ్చిన పెద్దలకి, పక్క హాల్లోంచి పులిహోర వాసన వస్తున్నా కుర్చీ వదలకుండా కూర్చున్న మీ అందరికీ నమస్కారమండి. (నవ్వులు) ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు మైకు ఇచ్చింది వరదలప్పుడే. అందులో "గట్టు మీదకి వెళ్ళిపోండి, గట్టు మీదకి వెళ్ళిపోండి" అనడం తప్ప ఇంకేమీ మాట్లాడలేదు కాబట్టి, తప్పులుంటే మన్నించాలి.

ఇందాక మేడమ్ గారు చదివిన సన్మానపత్రంలో, వరదలో చిక్కుకున్న దుప్పులకి మేత వేసే పద్ధతి కనిపెట్టింది ఈ జానకిరామే అని ఉంది. మీరు చప్పట్లు కూడా కొట్టేశారు. ఆ మాట అబద్ధమండి. ఈ శాలువాతో ఇంటికి వెళ్ళేలోపు ఆ సంగతి చెప్పేయాలి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా పుల్లమ్మ లంకలో అరవై డెబ్భై చుక్కల దుప్పులున్నాయి. గోదారి పొంగితే లంకంతా మునిగిపోయి, ఈ హాలుకి రెండింతలుండే మెరక ఒక్కటే మిగులుతుంది. అన్నీ దాని మీదకే ఎక్కుతాయి. పన్నెండేళ్ళ కిందట, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజున, నేను సుబ్బాయమ్మ గారి నావలో పచ్చిగడ్డీ అవిసె రొట్టా వేసుకుని వెళ్ళి, అంతా ఒక్క కుప్పగా పోశాను. సుబ్బాయమ్మ గారంటే అదిగో, వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నారే, ఆవిడే. చేపల వేట మీద బతికే మనిషి, వరదొస్తే మాకు నావ నడిపే మనిషి.

కుప్ప పొయ్యగానే పెద్ద పోతు ఒకటి వచ్చి దాని మీద నిలబడిపోయింది. దాని పక్కన చేరడానికి ఇంకో రెండు మూడు పోతులకే ధైర్యం, వాటి తర్వాత బలిసిన ఆడవి. చెవి చిరిగిన ఆడదుప్పి ఒకటి పిల్లని వెంటబెట్టుకుని నీళ్ళ ఒడ్డున చూస్తూ ఉండిపోయింది. ఇది అడుగు ముందుకేస్తే పెద్దది కొంచెం తల వంచేది, ఇది వెనక్కి తగ్గేది. కొట్లాట కూడా లేదండి. మా ఆఫీసులో జీపు ముందు సీటు ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అలాగే. (నవ్వులు) మీ గురించి కాదు మేడమ్, మీకు ముందు పనిచేసినవారి గురించి.

నాకు ఒళ్ళు మండింది. వెదురుగడ తీసుకుని ఆ పోతుని మెరక అవతలి చివరికి తరిమేశాను. పెద్ద న్యాయం చేశాననుకున్నాను. నాలుగు నిమిషాలు కాలేదు, పెద్దదాని చోటు కోసం మిగతా పోతులు కొమ్ములు మెలేసుకున్నాయి, ఆడవి వెనక కాళ్ళ మీద లేచి ముందు గిట్టలతో బాదుకున్నాయి. ఆ తొక్కిసలాటలో చెవి చిరిగినదాని పిల్ల వరదలో పడిపోయింది. నావ తిప్పాం. దొరకలేదండి.

పెద్దది ఉన్నంతసేపూ ఆ తల్లికి ఆకలి ఒక్కటే ఉంది. నేను చెయ్యి పెట్టాక పిల్ల పోయింది.

తిరిగొస్తుంటే సుబ్బాయమ్మ గారు తెడ్డు ఆపి అన్నారు: "దాన్నెందుకు తరిమారు బాబుగారూ? మా ఇంటికాడ చేప తలకాయలు ఒక్కచోట పడేస్తే గండుపిల్లి ఒక్కటే తింటదండి. ఏడు చోట్ల పడేస్తే ఏడు పిల్లులూ తింటాయి. ఎంత గండుపిల్లికైనా ఉన్నది ఒక్క నోరే కదండి."

మర్నాడు ఏడు కుప్పలు పోశాం, దూరం దూరంగా. పెద్ద పోతు ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకి పరుగెత్తి, మూడో కుప్ప దగ్గర అలిసిపోయి, బుద్ధిగా తినడం మొదలుపెట్టింది. చెవి చిరిగినది చిట్టచివరి కుప్ప దగ్గర తల వంచింది. ఆ తర్వాత వచ్చిన ఏ వరదలోనూ మేత దగ్గర ఒక్క ప్రాణం పోలేదు.

రిపోర్టు రాసింది నేను. నావ నడిపినవాళ్ళ పేరు రాయడానికి అందులో గడి లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. గడి ఉండే ఉంటుంది, నాకే మనసు రాలేదు.

కిరణ్, రేపట్నుంచి నా బీటు నీది. ఒక్క కుప్పైతే పది నిమిషాల పని, ఏడైతే గంట, పైన వాన. నీకు ఒక్క కుప్పే పొయ్యాలనిపిస్తుంది. అప్పుడు సుబ్బాయమ్మ గారి మొహం చూడు బాబూ.

ఇంకొక్క మాట. మొన్న ఈ సభకి పిలవడానికి ఆవిడ ఇంటికి వెళితే, "వస్తానండి, వంటోళ్ళతో పాటు ఆఖర్న తింటానులెండి" అన్నారు. అంత మామూలుగా ఎలా అన్నారా అని దారిపొడుగునా ఆలోచించాను. వరదల్లో మా ఇంటావిడ లక్ష్మీదుర్గ ఇద్దరికి సరిపడా క్యారేజీ కట్టి పంపేది. ముందు నేను తినేవాణ్ణి. నేను చెయ్యి కడుక్కుని లేచాక, మిగిలింది సుబ్బాయమ్మ గారు తినేవారు. లక్ష్మీ, నీకు ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది, తిట్లు ఇంటికెళ్ళాక తింటాను. దుప్పులకి ఏడు కుప్పలు పోసినవాణ్ణి, నావలో మాత్రం ఆ పెద్ద పోతులాగే కూర్చున్నాను. నేను తల వంచక్కర్లేకుండానే ఆవిడ వెనక్కి తగ్గేవారు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. పన్నెండేళ్ళు ఆవిడది కడబంతే, వడ్డన నాదే, అయినా నేను ఆవిడ మనిషిని కాలేకపోయాను. ఈ పూట తొలిబంతిలో మేడమ్ గారి పక్క విస్తరి నాకని వేశారట. అందులో మీరు కూర్చోవాలి సుబ్బాయమ్మ గారూ. అలా తలుపు చాటుకి జరగకండి.

మీ అందరి అభిమానానికీ కృతజ్ఞతలు. నేను గరిటె అందుకోవాలి. రండి సుబ్బాయమ్మ గారూ, ఈ పూట వడ్డించేవాడు మీవాడే. సెలవు.