మర్యాద మీటలు

పక్షవాతంతో మాట పడిపోయిన పక్కింటి బాబాయిగారికి ఇంజనీరింగ్ కుర్రాడొకడు మాట్లాడే పెట్టె చేసిచ్చాడు. మీట నొక్కితే మాట! వారమైనా ఆయన దాన్ని ముట్టలేదు. రేపే ప్రాజెక్టుకు మార్కులు. కుర్రాడు లబోదిబోమంటూ పిన్నిగారి దగ్గరికి పరుగెత్తాడు.

"ఏం మాటలు పెట్టావయ్యా ఇందులో?"

"'దయచేసి నీళ్ళివ్వండి', 'ధన్యవాదాలు', 'మీరు భోంచేశారా'..."

"జన్మలో నన్ను 'మీరు' అన్నాడా ఈయన? ఇది మా ఆయన గొంతా, బ్యాంకు ఫోనా?"

"మరేం పెట్టమంటారు పిన్నిగారూ?"

"రాసుకో. 'ఎక్కడ చచ్చావే', 'ఇది కూరా, కుడితా', 'మీ అన్న ఒట్టి వెధవ'."

"తిట్లా! మా సార్ ఒప్పుకోరండీ."

"ఈ కాపురం మీ సార్‌ది కాదుగా!"

"కోరి తిట్టించుకుంటారా ఎవరైనా?"

"ఆయన ఒకటంటేనేగా నేను పది అనేది! ఆర్నెల్లుగా నాకూ మాట పడిపోయింది నాయనా."