ఆడగొంతుకు సరిపడే మైకు

అది కాదే అమ్మడూ, ఆడగొంతు రికార్డు చెయ్యడానికి మైకు కొంటూ, ఇద్దరు మగాళ్ళు దాని ముందు నిలబడి "హలో, హలో, ఒకటి, రెండు" అనుకుని, ఆహా అద్భుతం అని ఇంటికి మోసుకొస్తే వాళ్ళనేమనాలి? పెళ్ళికూతురికి గాజులు కొనడానికి పెళ్ళికొడుకు చెయ్యి కొలత ఇచ్చినట్టు లేదూ?

నువ్వు మాట్లాడకు. తల ఊపితే చాలు. గుసగుసలు కూడా వద్దంది డాక్టరమ్మ, గుసగుసలాడితే గొంతుకు ఇంకా చేటట. ఈ గోరువెచ్చని నీళ్ళు తాగుతూ విను. నేను మాట్లాడుతుంటే నువ్వు మధ్యలో అడ్డం రాకపోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. నన్ను కాస్త అనుభవించనీ.

ఆ మైకే కొనాలని మీ బావకు నూరిపోసింది ఎవరనుకున్నావు? ఆ బంగారు చెవులాయనే. మా ఇంట్లోని స్టూడియోలో సగం వాటా ఉంది కదా, దాంతోపాటు ఆ బిరుదు కూడా తనకు తానే తగిలించుకున్నాడు. చీమ తుమ్మినా వినిపిస్తుందట ఆయనకు. గాజు అద్దానికి అవతల నీ గొంతు చిరిగిపోతుంటే మాత్రం వినిపించలేదు పాపం.

కొనే ముందు ఇద్దరూ కంప్యూటరుకు అతుక్కుపోయి వీడియోలు చూశారు. ఎవడో గడ్డం నిమురుకుంటూ, "ఆడగొంతుకు మెరుపు కావాలి, గాలి కావాలి" అంటాడు. వీళ్ళు గంగిరెద్దుల్లా తలలూపుతారు. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నేనూ ఒక మాటన్నాను. ఎందుకండీ ఇదంతా, అమ్మడిని షాపుకు తీసుకెళ్ళి నాలుగు మైకుల ముందు పాడించి చూస్తే పోలా, అని.

మీ బావ నవ్వారు. ఆ నవ్వు నీకు తెలుసుగా, పసిపిల్ల చందమామను కొనిపెట్టమన్నప్పుడు నవ్వే నవ్వు. "ఇది చీర కాదోయ్, కట్టి చూసుకోవడానికి. ఏ శబ్దాన్ని ఎంత పట్టుకుంటుందో గ్రాఫు చూసి కొనేది" అన్నారు.

సరే, గ్రాఫు వచ్చింది. మఖ్మల్ పెట్టెలో పడుకుని వచ్చింది. దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని గదిలోకి తీసుకెళ్ళారు చూడూ, మా అబ్బాయి పుట్టినప్పుడు వాణ్ణి అంత జాగ్రత్తగా ఎత్తుకోలేదు ఆయన.

ఆ తర్వాత సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నీ గొంతులోనే కావలసినంత మెరుపుంది కదే. దాని మీద ఆ మైకు తన మెరుపు ఇంకో పూత పూస్తే ఏమవుతుంది? కళ్ళల్లోకి టార్చిలైటు వేసినట్టయింది. పాటలో "స" వచ్చిన చోటల్లా కుక్కరు కూత. "ష" వచ్చిన చోట పాము బుస. నేను వంటగదిలోంచి విన్నాను, నాకే పళ్ళు జివ్వుమన్నాయి.

అప్పుడు తప్పెవరిది అన్నారు? నీది. "మెత్తగా పాడమ్మా." "నోరు అంత తెరవకమ్మా." "పళ్ళ సందులోంచి గాలి పోతున్నట్టుంది, ఒకసారి పంటి డాక్టరుకు చూపించుకోమ్మా." ఇది బంగారు చెవులాయన సలహా. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, ఇక్కడ మద్దెల ఓడైతే ఆటగత్తె కాలు విరగ్గొట్టారు.

నువ్వూ నువ్వే. సరేనండీ, సరేనండీ అంటూ గొంతు నొక్కిపెట్టి పొద్దస్తమానం పాడావు. నాకు తెలుసు ఎందుకో. ఇన్నేళ్ళు కోరస్‌లో వెనక వరసలో నిలబడి ఎవరి పాటకో "ఆ... ఆ..." అన్నదానివి, మొదటిసారి ఒక సినిమాలో పాట మొత్తం నీకిచ్చారు. కాదనడానికి నోరెలా వస్తుంది? చివరికి ఆ గొంతు వాచి, గాలి తప్ప ఏమీ రాకుండా పోయింది.

పోనీ అప్పుడైనా మైకు మీద అనుమానం వచ్చిందా? "ఆడగొంతులు సున్నితమండీ, ఒత్తిడి తట్టుకోలేవు" అన్నాడు ఆ మహానుభావుడు. సోఫాలో కాలు మీద కాలేసుకుని అన్నాడు. నా చేతిలో నీళ్ళ జగ్గుంది. ఆ జగ్గు ఆయన నెత్తిన పడలేదంటే అది ఆయన అదృష్టం.

నవ్వకు. నవ్వితే గొంతు కదులుతుంది.

మీ బావతో ఒకటే మాట చెప్పాను. కళ్ళజోళ్ళ షాపులో నేను రోజంతా చేసే పనేంటండీ? ఒక అద్దం పెట్టి, ఇదా అంటాను. ఇంకోటి పెట్టి, అదా అంటాను. కంటికి ఏది హాయిగా ఉంటే అదే ఇస్తాను. పక్కింటాయనకు బాగా కనిపిస్తోందని ఆయన అద్దాలు తెచ్చి మనం పెట్టుకుంటామా? ఖరీదెక్కువని నంబరు చూడకుండా పెట్టుకుంటామా? రేపు మైకుల షాపుకు పదండి, ఇదా అదా అని తేల్చుకుందాం అన్నాను. నీ మంచం దగ్గర్నుంచి అప్పుడే లేచి వెళ్ళారేమో, సరే పద అన్నారు.

షాపాయన మంచివాడే, ఆవలింతలు ఎక్కువ. ఐదు మైకులు ఒకే ఎత్తులో వరసగా పెట్టించాను. అందులో మన మఖ్మల్ మహారాణి కూడా ఉంది. మూతి నుంచి జానెడు దూరం అన్నిటికీ. వినేవాళ్ళిద్దరినీ అటు తిప్పి కూర్చోబెట్టి, ఏది ఏ మైకో చెప్పొద్దన్నాను.

"బాగానే ఉంది, పాడేదెవరు?" అన్నాడు బంగారు చెవులాయన.

నేను పాడతానన్నాను.

మీ బావ నన్ను చూసిన చూపు ఉందే, ఇంట్లో బీరువా లేచి "నేనూ వస్తాను, పదండి" అన్నట్టు చూశారు. మనిద్దరిదీ ఒకే గొంతు కదటే. ఫోనులో అమ్మే పోల్చుకోలేక, నీకు పెట్టాల్సిన చీవాట్లు నాకు పెట్టేది. ఒకే మాస్టారి దగ్గర, ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నాం. మీ బావకు తెలియక కాదు, మరిచిపోయారు. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో పాడుకునేదాన్ని. చంటాడు నిద్ర లేస్తాడని ఆపాను. వాడికి మీసాలొచ్చాయి, మళ్ళీ పాడమని ఎవరూ అనలేదు, నేనూ పాడలేదు.

నీ పాటలో పల్లవే పాడాను. నువ్వు సాధన చేస్తుంటే విని విని నోటికొచ్చేసింది కదా. ఐదు మైకుల్లో ఐదుసార్లు. తర్వాత వరసగా వినిపించారు. ఇదా, అదా? ఇదా, అదా?

మహారాణిని ఇద్దరూ మొదటి విడతలోనే తీసి అవతల పారేశారు. "ఇదేదో చవకరకంలా ఉంది" అన్నది సాక్షాత్తూ బంగారు చెవులాయనే. చివరికి ఇద్దరూ ఒక్కదాని దగ్గర ఆగారు. అందులో గొంతు మీద దుప్పటి కప్పినట్టు లేదు, గీరినట్టూ లేదు. ఎదురుగా కూర్చుని మనిషి పాడుతున్నట్టుంది. ఇటు తిరిగి చూస్తే బొద్దుగా, బూడిదరంగులో, అక్కడక్కడా రంగు లేచిపోయిన మొద్దు మైకు.

"అది డ్రమ్ముల ముందు పెట్టేదండీ" అన్నాడు షాపాయన, ఆవలిస్తూ.

బంగారు చెవులాయన మొహం చూసి తీరాలి. ఇంకా ఒప్పుకోడే. గదిలో తేడా అన్నాడు, వైరులో తేడా అన్నాడు, ఆఖరికి నా గొంతులో తేడా అన్నాడు. మీ బావ మాత్రం ఆ మొద్దును సంచిలో పెట్టించారు.

ఇంతవరకూ బాగుంది కదా. ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను.

ఇవాళ పొద్దున ఆ మైకును మన స్టూడియోలో బిగించారు. నువ్వు కోలుకుని వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండాలని. శబ్దం ఎంత పెట్టాలో చూసుకోవడానికి ఎవరో ఒకరు పాడాలిగా. మీ బావే అన్నారు, "నువ్వు పాడవోయ్" అని. ఎన్నేళ్ళ తర్వాత అన్నారో చూడు. లోపలికెళ్ళి తలుపేసుకుని పాడాను. పల్లవితో ఆపొచ్చు. చరణాలు కూడా పాడేశాను.

కళ్ళు తెరిచేసరికి అద్దానికి అవతల నీకు ఆ పాటిచ్చిన సంగీత దర్శకుడు నిలబడి ఉన్నాడు. నీకెలా ఉందో కనుక్కుందామని వచ్చాడట. "ఈవిడెవరు?" అని అడుగుతున్నట్టున్నాడు, మీ బావ ఏదో చెబుతున్నారు. బయటికి రాగానే, "మీ చెల్లెలి గొంతే అనుకున్నానండీ" అన్నాడు.

తర్వాత... ఏముంది, సినిమావాళ్ళకు తొందర కదా. వాళ్ళు ఎవరి కోసం ఆగుతారు? నేను కాకపోతే ఇంకెవర్నో పిలుచుకుంటారు. అదేదో ఇంట్లో మనిషే అయితే నయం కదా అని...

అలా చూడకు. నోట్లోంచి మాట రాని దానివి, ఆ కళ్ళతోనే ఇంత గోల చేస్తే ఎట్లా?

గ్లాసు ఇలా ఇవ్వు, ఒలికిపోతోంది.

మీ బావ నీకు చెప్పొద్దన్నారు. గొంతు బాగుపడేదాకా ఆగమన్నారు. ఆయన మాట విని ఉండాల్సిందేమో. కానీ రేపు వేరేవాళ్ళ నోట విని నువ్వు మంచం మీద లేచి కూర్చోవడం నాకిష్టం లేదు. పాట వెళ్ళిపోయిందమ్మడూ. నా గొంతుతోనే వెళ్ళింది. పేరు ఎవరిది వెయ్యమంటారని అడిగాడు. నేను నీ పేరు చెప్పలేదు.

వాళ్ళకు తొందరన్నానే, అది అబద్ధం. ఆ మాట నీ దగ్గరికొస్తూ దారిలో నేను అల్లుకున్నది. పాపం ఆ సంగీత దర్శకుడు మంచిగానే మాట్లాడాడు. "మీ చెల్లెలికి తగ్గేదాకా ఆగుతాను, ఆ పాట ఆ అమ్మాయిదే" అన్నాడు.

నేనే అన్నాను, "ఎందుకండీ ఆగడం? రెండో చరణంలో కాస్త శ్రుతి తగ్గింది, ఇంకోసారి పాడతాను, అది తీసుకెళ్ళండి" అని.