వీపు తిప్పుకున్నవాడు

కుస్కో నగరంలో ఒకప్పటి సన్యాసినుల మఠం, ఇప్పటి మ్యూజియం. ఒక ముసలావిడ తన శాలువా విప్పి, చెక్క విగ్రహం ఉన్న గాజుపెట్టె మీద కప్పేసింది. కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు.

“అవ్వా, ఆ శాలువా తియ్యి. ఇక్కడ ఏదీ ముట్టుకోకూడదు.”

“లోపలున్నది మా ఊరి చర్చిలో మేం కొలిచే కందెలారియా తల్లి. ముందు ఆవిడకి బట్టలు కట్టండి, తర్వాత తీస్తా.”

“చెక్కపని కనబడాలని దుస్తులు తీసి పక్కన పెట్టారవ్వా. అదంతా కళ.”

“కళట. నలభై ఏళ్ళు ఆవిడ పావడాలు మార్చింది నేను. దుప్పటి అడ్డం పట్టుకుని, ఆడవాళ్ళమే మార్చేవాళ్ళం. పాద్రీని కూడా గుమ్మం దాటనివ్వలేదు.”

“అది మీ ఊరి చర్చి. ఇది మ్యూజియం.”

“చర్చి కప్పు కూలిందని ఇక్కడికి తెచ్చుకున్నారు. కప్పు కూలితే తల్లి మానం కూడా పోయినట్టేనా?”

“నువ్వు తియ్యకపోతే పైవాళ్ళని పిలవాలి.”

“పిలువు. పెట్టె తాళం తీసుకుని ఆడమనిషిని రమ్మను. కొత్త పావడా నా సంచీలోనే ఉంది.”

“నా ఉద్యోగం పోతుందవ్వా.”

“ఏ ఊరు నాయనా నీది?”

“మీ వైపే, కొండ మీద.”

“అక్కడ తల్లికి బట్టలు మార్చేటప్పుడు మగాళ్ళు ఏం చేస్తారు?”

“వీపు తిప్పుకుని నిలబడతాం.”

“మరి ఇన్నాళ్ళూ ఈ గదిలో ఎటు చూస్తూ నిలబడ్డావు?”

“బడిపిల్లలు మెట్లెక్కుతున్నారు. శాలువా జారిపోతోందవ్వా.”

“జారుతుంది మరి, ఒక్కదాన్నే పట్టుకున్నా. ఆ కొస నువ్వు పట్టుకో. మొహం మాత్రం గుమ్మం వైపు పెట్టు.”